చందమామ డ్యూటీ చార్టు

నేను పిల్లలకు అబద్ధాలు చెబుతానని బడి తనిఖీ పుస్తకంలో రాశారు. ఎర్ర సిరాతో రాశారు. కింద నా చేతే సంతకం పెట్టించారు. వారం తిరక్కుండా ఒకటో తరగతి నా దగ్గర నుంచి తీసేసి నన్ను ఐదో తరగతికి తోలారు. గోడ మీద నా పిల్లలు గీసుకున్న చందమామల మీద సున్నం కొట్టించారు.

ఇది జరిగి నలభై ఏళ్ళు దాటింది. మోకాళ్ళు పోయాయి, పళ్ళు పోయాయి. ఆ కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. మా వీధిలో ఉండే ఇద్దరమ్మాయిలు ఈ మధ్యే టీచర్లుగా చేరారు. "ఒకటో తరగతి ఇచ్చారు మాస్టారూ, ఎలా చెప్పాలో తెలియడం లేదు" అని వచ్చి కూర్చున్నారు. వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. నా బదిలీలు, నా ట్రైనింగు, నా రిటైర్మెంటు సభలో వేసిన దండ, వీటి గురించి రాయను. అవి అందరికీ ఉంటాయి. చందమామ గురించి రాస్తాను.

నేనెవరిని

మల్కాపురం దగ్గర కార్మికుల కాలనీలో చిన్న బడి. రెండు గదులు, ఒక వరండా. పిల్లల తండ్రుల్లో కొందరు హార్బరులో కళాసీలు, కొందరు వెల్డర్లు, కొందరు ఫ్యాక్టరీల్లో షిఫ్టు మనుషులు. ఆనందపురం అవతలి పల్లెల నుంచి పొలం వదిలి వచ్చినవాళ్ళు సగం, మొదటినుంచీ సముద్రాన్ని నమ్ముకున్నవాళ్ళు సగం. దువ్వాడ దారిలో ఉక్కు ఫ్యాక్టరీ అంటే అప్పటికింకా కంచె, మట్టి దిబ్బలే.

నేను బడికెళ్ళింది ఐదో తరగతి దాకానే. తరవాత హార్బరు గేటు దగ్గర టీ కొట్టులో పదేళ్ళు గ్లాసులు కడిగాను. పకోడీలు కట్టిన కాగితాలు చదివాను, లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు చదివాను, మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. బడి నడిపే సంఘంవాళ్ళకు తక్కువలో దొరికే మేస్టరు కావలసి వచ్చాడు, దొరికాను. సొంతంగా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తనకు తెలిసింది చాలా గట్టిగా తెలుసనుకుంటాడు. ఆ జబ్బు నాకు దండిగా ఉండేది. ఎంత దండిగానో ముందు ముందు తెలుస్తుంది.

మొదటి తప్పు

చేరిన ఏడాది చందమామ పాఠం ఇలా చెప్పాను. నల్లబల్ల మీద "చంద్రుడు భూమికి ఉపగ్రహం" అని రాసి, నలభై మందిచేత ఇరవైసార్లు అనిపించాను. వరండాలోంచి పోతున్న హెడ్మిస్ట్రెస్ కరుణమ్మగారు ఆగి, సంతోషంగా తల ఊపి వెళ్ళింది. గోల బాగా వినిపిస్తే పాఠం బాగా జరుగుతోందని ఆవిడ నమ్మకం.

"ఉపగ్రహమంటే ఏటి మేస్టారూ?" అని ఒకడు లేచాడు.

"చుట్టూ తిరిగేదిరా."

"మా బాబాయిలాగేటి?"

తరగతి అంతా విరగబడి నవ్వింది. వాడి బాబాయి పనీపాటా లేకుండా కాలనీ చుట్టూ తిరుగుతాడని అందరికీ తెలుసు. నాకు కోపం వచ్చి వాణ్ని నిలబెట్టాను. ఇంటికెళ్ళే దారిలో ఆలోచిస్తే, ఆ రోజు ఆ గదిలో ఉపగ్రహం అంటే ఏమిటో అర్థమైనవాడు వాడొక్కడే. వాణ్నే నిలబెట్టాను.

అమ్మాయిలూ, ఇది రాసి పెట్టుకోండి. ఒకటో తరగతిలో పిల్ల ఒక మాటను తన ఇంటికి తీసుకెళ్ళి, తన ఇంట్లోవాళ్ళ పక్కన నిలబెట్టి చూస్తే, ఆ మాట దానిదైపోయినట్టు. మీరు దాన్ని తిట్టారో, ఆ మాట మళ్ళీ మీ నల్లబల్ల మీదకు వచ్చి కూర్చుంటుంది. అక్కడ దానివల్ల ఎవరికీ లాభం లేదు.

రిలీవరు రాలేదు

రెండో ఏడాది నూకాలు అనే పిల్ల చేరింది. ఆరేళ్ళది. తండ్రి హార్బరులో కళాసీ, తాత ఇంకా తెప్ప మీద వేటకెళ్ళేవాడు. ఒకరోజు ప్రార్థన అయ్యాక ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎందుకు ఆలస్యమని అడిగేలోపే అది నన్ను అడిగింది.

"మేస్టారూ, చందమామ ఇంకా ఇంటికెల్నేదు. సూడండి."

వరండాలోకి వచ్చి చూశాను. యారాడ కొండ మీద సూర్యుడు బాగా పైకొచ్చేశాడు. పడమటి వైపు ఆకాశంలో సగం చందమామ, తెల్లగా, నీళ్ళలో నానిన అప్పడం ముక్కలాగా ఉన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పటికి నాకు ముప్పై దాటాయి. పగటిపూట చందమామను చూసే ఉంటాను గాని, ఎందుకున్నాడని ఎన్నడూ అనుకోలేదు.

అంతలో వెనక నుంచి ఇంకో గొంతు: "నైట్ డ్యూటీ అయిపోనాది గదా, రిలీవరు రానేదేమో!"

"అవునే! రిలీవరు రాకపోతే మా నాన్న కూడా అంతే, ఉండిపోతాడు" అంది నూకాలు.

ఇది బయటివాళ్ళకు వివరించాలి. షిఫ్టు పనిలో, తన తరవాతివాడు వచ్చి పని అందుకునేదాకా మనిషి అక్కడి నుంచి కదలకూడదు. ఆ వచ్చేవాడే రిలీవరు. మా కాలనీలో పిల్లలకు నెలల పేర్లు రావు గాని, పొద్దుటి షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు, రాత్రి షిఫ్టు, వీక్లీ ఆఫ్ పాలతోపాటే వచ్చేస్తాయి. ఇంట్లో ఎప్పుడు అరవచ్చో, ఎప్పుడు అరవకూడదో వాటిని బట్టే కదా.

"అయితే చందమామది ఏ షిఫ్టు?" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అది.

చార్టు

బొగ్గుతో గోడ మీద గళ్ళు గీశాం. రోజుకో గడి. పొద్దున్న రాగానే హాజరుకంటే ముందు చందమామ హాజరు. ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, అమ్మ అన్నం పెట్టకముందా, పెట్టాకా, ఎంత ముక్క ఉన్నాడు. చూసినవాళ్ళు వచ్చి సుద్దతో ఆ ముక్క గీయాలి. చూడనివాళ్ళు గీయడానికి లేదు. "నాను సూశాను" అని అబద్ధం చెప్పినవాణ్ని పక్కవాడే పట్టుకునేవాడు: "ఏటిరా నువ్వు సూసింది? నిన్న మబ్బు గదా!"

పది రోజులు తిరిగేసరికి పెద్ద గొడవ మొదలైంది. చందమామ రోజూ ఆలస్యంగా వస్తున్నాడు. నిన్నటికంటే ఇవాళ ఆలస్యం, ఇవాళ్టికంటే రేపు ఆలస్యం. తరగతి అంతా ఒక్కటైపోయింది.

"ఆడికి చార్జిషీటు ఇచ్చీయాల మేస్టారూ!"

ఇచ్చాం. ఒకణ్ని చందమామ చేసి నిలబెట్టాం, ఒకమ్మాయి ఫోర్‌మన్ అయింది. చందమామ సంజాయిషీ చెప్పుకోవాలి. రోజుకొక చందమామ, రోజుకొక సంజాయిషీ. గేటు దగ్గర పాసు చూపించమన్నారన్నాడు ఒకడు. యారాడ కొండ ఎక్కేసరికి ఆయాసం వచ్చిందన్నాడు ఇంకొకడు. మా ఊళ్ళో ఓరు దుమ్ము, అంటే హార్బరులో ఓడలకెత్తే ఇనపరాయి దుమ్ము, ఎక్కువ గనక మొహం కడుక్కునేసరికి ఆలస్యమైందని ఒకమ్మాయి చెప్పింది. నూకాలు మాత్రం ఇంటికెళ్ళి తాతని అడిగి వచ్చి చెప్పింది:

"మా తాత సెప్పాడు, ఆడు రోజూ రెండు గడియలు ఎనకేనంట. ఆడు లేటయితే సముద్రం పోటు కూడా అంతే లేటంట. ఇద్దరికీ ఒకటే డ్యూటీ అంట!"

ఏ పుస్తకంలో చదవని సంగతి ఒక ముసలి జాలరి దగ్గర నుంచి ఆరేళ్ళ పిల్ల నోట నా గదిలోకి వచ్చింది. లైబ్రరీకెళ్ళి వెతికితే నిజం.

పున్నమి నాడు రాత్రంతా ఉన్నాడు గనక డబల్ డ్యూటీ. అమావాస్యకు వీక్లీ ఆఫ్. నెలకొకటే ఏమిటి, పాపం అని జాలిపడ్డారు. ఆఫ్ రోజు ఏం చేస్తాడంటే, సూర్యుడితో కలిసి మార్నింగ్ షోకి వెళ్ళి సాయంత్రం ఆయనతోనే ఇంటికి వస్తాడని తీర్మానించారు. ఆ సంగతి నేను చెప్పలేదు. అమావాస్యకు ముందు రోజుల్లో చందమామ సూర్యుడికి దగ్గర దగ్గరగా జరుగుతున్నట్టు గోడ మీద వాళ్ళే గీసుకున్నారు.

ఒక కట్టుబాటు పెట్టాను, మీరూ పెట్టుకోండి. ఆట అయిపోగానే ప్రతివాడూ గోడని తాకి "డ్యూటీ దిగాను" అనాలి. అన్నాక చందమామకు కాళ్ళు లేవు, సినిమా లేదు, ఆయన రాయీ దుమ్మూ ఉన్న ముద్ద. ఈ రెండింటి మధ్య గడప ఎక్కడుందో ఆరేళ్ళవాడికి మనకంటే బాగా తెలుసు. గడప దాటలేక తన్నుకునేది పెద్దవాళ్ళే.

తనిఖీ

డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. పేరు రాయను, ఆయన పిల్లలు ఇక్కడే ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, నెమ్మది మాట, చెడ్డ మనిషి కాదు. గోడ చూసి అదేమిటన్నారు. కరుణమ్మగారు "పిల్లలు ఏదో గీసుకున్నారండీ" అని నా ముందు అడ్డంగా నిలబడింది, నన్ను కాపాడడానికో గోడని కాపాడడానికో నాకీనాటికీ తెలియదు.

ఆయన తరగతి వైపు తిరిగి అడిగారు: "అమావాస్య నాడు చంద్రుడు ఎందుకు కనపడడు?"

నలభై గొంతులు ఒక్కసారి: "ఈక్లీ ఆఫ్ సార్!"

"ఏమిటి?"

"ఆఫ్ సార్! సూరీడుతోటి సినిమాకెల్లిపోతాడు సార్!" అని నూకాలు లేచి వివరంగా చెప్పింది. పాపం, పెద్దాయనకు చెవులు సరిగా వినపడవేమో అనుకుని గట్టిగా చెప్పింది.

ఆయన నా వైపు చూశారు. "అసలు కారణం ఎప్పుడైనా చెప్పారా మాస్టారూ?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. నేను కాలేజీ మొహం చూడలేదని ఆయనకు తెలుసు. సుద్దముక్క తీసుకుని సూర్యుణ్ని గీశాను, భూమిని గీశాను, చంద్రుణ్ని గీశాను. భూమి నీడ చంద్రుడి మీద కొంచెం కొంచెం పడుతూ వస్తుందనీ, అందుకే ఆయన తరుగుతాడనీ, పూర్తిగా పడ్డ రోజు అమావాస్య అనీ గడగడా చెప్పాను.

ఆయన తల ఊపారు. "అదీ. అది చెప్పండి. ఈ వీక్లీ ఆఫ్‌లు ఎందుకు?"

ఆ తరవాత ఆఫీసు గదిలో కూర్చుని ఆ వాక్యం రాశారు: "ఈ ఉపాధ్యాయుడు బోధన పేరుతో పిల్లలకు అబద్ధాలు చెప్పుచున్నాడు." వీక్లీ ఆఫ్ అన్న మాట రాసి దాని కింద రెండు గీతలు గీశారు.

సున్నం కొట్టిన రోజు కరుణమ్మగారి మీద ఎగిరాను. ఆవిడ ఓపిగ్గా విని, "కోప్పడకండి మేస్టారూ. నాకు ఇద్దరు పిల్లలున్నారు, ఇంకో పదిహేనేళ్ళు సర్వీసుంది" అంది. అంతకంటే నిజమైన మాట ఏ పై అధికారీ నాతో అనలేదు. అయినా క్షమించలేదు. ఒక్క ముక్క, "పిల్లల్ని ఇంకో ప్రశ్న అడిగి చూడండి సార్" అని ఆవిడ అనుంటే చాలు. మీరు రేపు హెడ్మాస్టర్లవుతారు. ఆ ఒక్క ముక్క అనడానికే మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టేది.

నూకాలు అడిగింది

నాకు రెండే కోరికలు. ఆ వాక్యం కొట్టేయాలి, ఒకటో తరగతి తిరిగి ఇవ్వాలి. ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి ఏడాదికో ఉత్తరం రాశాను. "నేను చెప్పినదానిలో అబద్ధం ఏదో చూపించండి" అని ప్రతి ఉత్తరంలోనూ ఒకటే వాక్యం. పరిశీలనలో ఉందని ఒకసారి కార్డు వచ్చింది, తక్కినవాటికి అదీ లేదు. మా ఆవిడ "మీకు పండగలు గుర్తుండవు గాని ఆఫీసు వాళ్ళకి ఉత్తరం రాసే రోజు గుర్తుంటుంది" అనేది.

నాలుగేళ్ళు గడిచాయి. నూకాలు ఐదో తరగతికి, అంటే నా దగ్గరికే వచ్చింది. జడలు పొడుగయ్యాయి, నోరు మాత్రం అదే. ఒకరోజు చంద్రుడి కళల పాఠం. నేను అదే బొమ్మ గీశాను. అదే నీడ కథ చెప్పాను. బయట అదే పొద్దుటి వేళ, ఆకాశంలో సగం చందమామ. అది కిటికీలోంచి చూస్తూనే లేచింది.

"మేస్టారూ, సూరీడు కొండ మీదున్నాడు గదా."

"ఉన్నాడు."

"మన నీడలు ఇటేపు పడ్డాయి, నేల మీద."

"అయితే?"

"చందమామ అంత పైనున్నాడు. కిందకి పడే నీడ ఆడి మీదకెలాగెక్కింది మేస్టారూ?"

"కూర్చో" అన్నాను.

కూర్చుంది. నేనే కూర్చోలేకపోయాను. మిగతా పాఠం ఏం చెప్పానో గుర్తులేదు. ఆ పిల్ల నన్ను ఎదిరించలేదు, వెక్కిరించలేదు. ఒకటో తరగతిలో నేను నేర్పిన పనే చేసింది: చూసింది, చూసినదాన్ని మాటతో పోల్చింది. పోలిక కుదరలేదు. కుదరనిది చందమామ కాదు, నా మాట.

మర్నాడు పొద్దున్నే మా పెరట్లో ఒక కొబ్బరికాయకు సున్నం రాసి, ఎండలో నిలబడి, చెయ్యి చాచి చందమామ పక్కనే పట్టుకున్నాను. ఆయన ఎంత తెల్లగా ఉన్నాడో కొబ్బరికాయ అంతే తెల్లగా ఉంది. అటువైపే వెలుగు, ఇటువైపే చీకటి, సరిగ్గా అదే ముక్క. కొబ్బరికాయ మీద ఎవరి నీడా పడలేదు. ఎండ తగిలిన సగం తెల్లగా ఉంది, తగలని సగం నల్లగా ఉంది, నేను నిలబడ్డ చోటుకు ఎంత కనబడాలో అంతే కనబడుతోంది. చందమామ సంగతీ అంతే. ఆయన మీద మన భూమి నీడ పడేది గ్రహణం నాడు మాత్రమే. ఇన్నేళ్ళూ నెలకి పదిహేను రోజులు ఆయనకు గ్రహణం పట్టిస్తూ వచ్చాను.

ఆ కొబ్బరికాయ పట్టుకుని బడికెళ్ళాను. పిల్లలందర్నీ ఎండలోకి తీసుకొచ్చి చూపించాను. "నేను మీకు తప్పు చెప్పాను. నూకాలు చెప్పిందే సరి" అన్నాను. మేస్టరు తప్పు ఒప్పుకుంటే ఏం చేయాలో వాళ్ళకెవరూ నేర్పలేదు. చివరికి నూకాలే తేల్చింది:

"పరవానేదు మేస్టారూ. పుస్తకంలో దిద్దీసుకుంటాం."

చివరి ఉత్తరం

ఆ రాత్రి మళ్ళీ ఉత్తరం రాశాను. ఈసారి ఆఫీసుకి కాదు. ఇన్‌స్పెక్టరుగారు అప్పటికి రిటైరై ఆనందపురంలో ఉంటున్నారని తెలుసుకుని ఆయన ఇంటికే రాశాను. నాలుగేళ్ళుగా రాసినదానికి సరిగ్గా తలకిందులుగా రాశాను:

"అయ్యా, నేను పిల్లలకు అబద్ధం చెప్పిన మాట నిజమే. మీరు గీతలు గీసింది మాత్రం దాని కింద కాదు. వీక్లీ ఆఫ్ ఆట. ఆట అని పిల్లలకు తెలుసు. చందమామ ఆ రోజు సూర్యుడితోపాటే తిరుగుతాడన్నది వాళ్ళు కళ్ళతో చూసి చెప్పిన నిజం. నల్లబల్ల మీద నేను గీసిన నీడ బొమ్మ ఉంది చూశారా, అదే అబద్ధం. దానికి మీరు తల ఊపారు. పగటి చందమామ కనబడిన పొద్దుట, తెల్లగా గుండ్రంగా ఉన్నదేదైనా ఎండలో ఆయన పక్కన పట్టుకుని చూడండి. చూశాక నాకు శిక్ష వేయదలిస్తే సరైన తప్పుకు వేయండి."

రాశాక మా ఆవిడకు చదివి వినిపించాను. "తప్పు ఒప్పుకుంటూ కూడా దెబ్బలాడగలిగేది మీరొక్కరే" అంది. పోస్టు డబ్బాలో వేశాను. నెలన్నర దాకా ఉలుకూ పలుకూ లేదు. ఇదీ నీళ్ళలో పోసినట్టే అనుకున్నాను.

తరవాతి జూన్‌లో బళ్ళు తెరిచినప్పుడు ఒకటో తరగతి నాకు తిరిగి ఇచ్చారు. రిటైరయ్యేదాకా మళ్ళీ అది నా చెయ్యి విడిచిపోలేదు. తనిఖీ పుస్తకంలో ఆ వాక్యాన్ని కొట్టేశారో లేదో ఎవరూ నాకు చూపించలేదు. అందుకు ఇప్పటికీ కోపమే. కానీ ఆ జూన్ కంటే ముందే, నెలన్నర దాటగానే, ఇన్‌స్పెక్టరుగారి దగ్గర నుంచి ఒక కవరు వచ్చింది. గుండ్రటి దస్తూరి, నీలం సిరా. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"మాస్టారుగారికి నమస్కారం. మీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. చింపేద్దామనుకుని మడిచి పెట్టాను. ఈ నెలలో మూడు పొద్దులు డాబా మీద నిమ్మకాయ పట్టుకుని నిలబడ్డాను. నాకు మతి పోయిందేమోనని మా ఇంట్లోవాళ్ళు డాక్టరుకు కబురు పెట్టారు. ఆయన వచ్చి, చూసి, తనూ ఒక నిమ్మకాయ పట్టుకున్నాడు. మీరు రాసింది నిజం. సర్వీసులో ఎన్ని బళ్ళలో ఎన్ని నీడ బొమ్మలకు తల ఊపానో నాకే తెలియదు. నేను చదువుకున్నప్పుడు మా మేస్టారు అదే చెప్పారు, నేను ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. అబద్ధాలు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని ఆఫీసుకీ మీ హెడ్మిస్ట్రెస్ గారికీ రాశాను. రిటైరైనవాడి మాట ఎంత చెల్లుతుందో చెప్పలేను. ఒకటో తరగతి మీకు తిరిగి వస్తే ఒక కార్డు రాయండి. వచ్చి వెనకాల చాప మీద కూర్చుంటాను. ప్రశ్నలు మాత్రం నేను అడగను."